గవర్నర్‌కి కట్టిన జిప్ టై

మొన్న ఆదివారం జుహర్ నమాజ్ అయ్యాక కారు టైర్లలో గాలి చూద్దామని గరాజ్‌లోకి వెళ్లాను. ఓ మూల మా చిన్నోడి మినీబైక్ నిలబెట్టి ఉంది. పంపు తీయడానికి వంగితే దాని కార్బురేటర్ పక్కన నల్లగా ఏదో కనపడింది. దగ్గరికెళ్లి చూశాను. గవర్నర్ చేతిని వెనక్కి లాగి, కదలకుండా ఒక ప్లాస్టిక్ జిప్ టైతో కట్టేసి ఉంది. గవర్నర్ నుంచి త్రాటిల్‌కి వెళ్లే సన్నటి కడ్డీ ఊడదీసి ఉంది. యాక్సిలరేటర్ కేబుల్ నేరుగా త్రాటిల్‌కి తగిలించి ఉంది.

నా గుండె గుభేల్మంది. కాసేపు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ జిప్ టైలో నాకు 1989 నాటి ఇనుప తీగ కనపడింది.

ముందు బండి సంగతి చెప్తాను. మేం ఉండేది డల్లాస్ పక్కన. చిన్నోడికి పద్నాలుగేళ్లు. రెండు ఈద్‌ల ఈదీ దాచి, వేసవి సెలవుల్లో వీధిలో వాళ్ల గడ్డి కోసి, ఆ పైసలతో ఎవరో వాడిన మినీబైక్ కొనుక్కున్నాడు. మీలో చాలామంది చూసి ఉండరు. మోకాలెత్తు బండి. ఇనుప గొట్టాల ఫ్రేము, బొద్దు టైర్లు రెండు, మధ్యలో నీళ్ల పంపుకో జనరేటర్‌కో పెట్టే ఒంటి సిలిండర్ పెట్రోలు ఇంజన్. 1960లలో అమెరికా పిల్లలు, వాళ్ల నాన్నలు గడ్డి కోసే మిషన్ల ఇంజన్లు తెచ్చి ఇలాంటివి బిగించుకునేవాళ్లు. ఇప్పుడు వచ్చే ఇంజన్లలో ఎక్కువభాగం హోండా జీఎక్స్ నమూనా చూసి చేసినవే. మావాడిది 212 సీసీ. రోడ్డెక్కే బండి కాదిది. నా దోస్త్ ఒకతనికి ఊరి బయట పొలం ఉంది. శనివారాలు అక్కడికి తీసుకెళ్తాను, కంచె లోపల తిరుగుతాడు.

ఆ బండి గంటకి పాతిక మైళ్లు దాటదు. అదే వాడి బాధ.

ఇక ఇనుప తీగ సంగతి.

మాది నర్సరావుపేట దగ్గర పల్లె. అబ్బాజాన్ ఆయిల్ ఇంజన్ల మెకానిక్. ఇంటి పక్కనే రేకుల షెడ్డులో మాకో పిండి మర ఉండేది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు కాబట్టి మర డీజిల్ ఇంజన్ మీద నడిచేది. పెద్ద పెద్ద చక్రాలు రెండు, నిమిషానికి 650 చుట్లు, డుబుడుబుమని ఊరంతా వినపడేది. ఆ చప్పుడు ఆగితేనే అమ్మీకి మెలకువ వచ్చేది.

1989లో రంజాన్ మంచి ఎండల్లో వచ్చింది. ఈద్ దగ్గర పడింది. మర ముందు గోధుమ డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. అబ్బాజాన్ పక్క ఊళ్లో మోటారు బాగుచేయడానికి వెళ్లారు. మర దగ్గర భాయిజాన్ ఒక్కడే. పదహారేళ్లు. రోజాతో ఉన్నాడు. ఇఫ్తార్ లోపల డబ్బాలన్నీ ఆడించెయ్యాలని ఇంజన్ గవర్నర్ లివర్‌ని డీజిల్ ఎక్కువ వచ్చే వైపు లాగి ఇనుప తీగతో కట్టేశాడు. మర జోరుగా తిరిగింది. పిండి జలజలా పడింది. నాకప్పుడు పదేళ్లు, గుమ్మంలో నిలబడి మా భాయిజాన్ ఎంత హుషారో అని చూస్తున్నాను.

తొట్టిలో గోధుమలు అయిపోయాయి. అంతవరకూ రాళ్ల మీద బరువు ఉంది, ఆ బరువే ఇంజన్‌ని పట్టి ఉంచింది. గింజలు అయిపోగానే బరువు పోయింది. గవర్నర్ ఉంటే ఆ క్షణంలోనే డీజిల్ తగ్గించేది. దాని చేతులు కట్టేసి ఉన్నాయి. ఇంజన్ చప్పుడు మారింది. డుబుడుబు కాస్తా ఒకటే అరుపయింది. భాయిజాన్ డీజిల్ ఆపడానికి పరిగెత్తాడు. చెయ్యి అందేలోపల మర రాయి పగిలింది. ఒక ముక్క పైన రేకు చీల్చుకుని వెళ్లింది. ఇంకో ముక్క భాయిజాన్ ఎడమ మోకాలికి తగిలింది.

ప్రాణానికేం కాలేదు, అల్లాహ్ కా షుకర్. కానీ ఆ మోకాలు మళ్లీ వంగలేదు. ఇవాళ్టికీ సజ్దా చెయ్యలేడు, కుర్చీలో కూర్చునే నమాజ్ చదువుతాడు. అబ్బాజాన్ ఆ తీగ మాట బతికినంత కాలం ఎత్తలేదు. భాయిజాన్‌ని ఒక్క మాట అనలేదు. మర మాత్రం అమ్మేశారు.

అందుకని గరాజ్‌లో ఆ జిప్ టై చూడగానే నేను మనిషిలా మాట్లాడలేకపోయాను. చిన్నోణ్ణి కేకేశాను. రాగానే అరిచాను. “ఎవడు చెప్పాడు నీకు? బండి రేపే అమ్మేస్తా!” అన్నాను. వాడు తల దించుకుని ఒకటే మాట అన్నాడు. “బాబా, అందరూ తీసేస్తున్నారు. వీడియోలు చూడండి. ఇది పాతికే పోతుంది.”

లోపలికొచ్చి కూర్చున్నాను. మా ఆవిడ చాయ్ తెచ్చి పెట్టి, నెమ్మదిగా అంది. “ఇవాళ మీరు అరిచారని ఆ తాడు కోసేస్తాడు. రేపు మీకు కనపడని చోట కడతాడు. వాడికి షౌక్ ఉంది. షౌక్‌ని అమ్మెయ్యలేరు కదా.”

నిజమే అనిపించింది. భాయిజాన్‌కి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. రెండో రింగుకే ఎత్తాడు. నర్సరావుపేటలో ఆయనకిప్పుడు సొంత దుకాణం ఉంది. స్ప్రేయర్లు, పంపుసెట్లు, జనరేటర్లు, ఏది తెచ్చినా బాగుచేస్తాడు.

“క్యా రే, ఇంత రాత్రి? అందరూ ఖైరియత్‌గా ఉన్నారా?”

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తెల్లారాక నేనే చేస్తా. చిన్నోణ్ణి ఉంచు. ఇంజన్ ముందు ఫోన్ పెట్టు. నువ్వు మధ్యలో మాట్లాడ నక్కో” అన్నాడు.

ఆయనకి తెల్లారేసరికి మాకు రాత్రయింది. గరాజ్‌లో స్టూలు మీద ఫోన్ నిలబెట్టాం. చిన్నోడు సలాం చెప్పి బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. భాయిజాన్ తిట్టలేదు. “బేటా, ముందు నాకు నీ ఇంజన్‌లో గవర్నర్ ఏం పని చేస్తుందో చెప్పు” అన్నాడు.

“స్పీడ్ ఆపుతుంది, బడే అబ్బా.”

“అది సగం పని. మిగతా సగం?”

వాడికి తెలీదు. నిజం చెప్పొద్దూ, ఆ జవాబు నాకూ సరిగ్గా తెలీదు.

భాయిజాన్ చెప్పింది నా మాటల్లో చెప్తాను. ఇంజన్ పొట్టలో, నూనెలో తిరిగే చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. దాని మీద రెండు చిన్న బరువులు. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ ఆ బరువులు బయటికి విచ్చుకుంటాయి. విచ్చుకుని ఒక పుల్లని తోస్తాయి, అది బయటున్న చేతిని తోస్తుంది, చెయ్యి త్రాటిల్‌ని మూస్తుంది. అవతలి వైపు ఒక స్ప్రింగ్ త్రాటిల్‌ని తెరిచే వైపు లాగుతుంటుంది. మనం హ్యాండిల్ తిప్పితే సాగేది ఆ స్ప్రింగే. స్ప్రింగ్ ‘పో’ అంటుంది, బరువులు ‘చాలు’ అంటాయి. ఇద్దరికీ రాజీ కుదిరిన చోట వేగం నిలబడుతుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి ఇంజన్‌కి ఇనుప గుండ్లతో పెట్టిన ఏర్పాటూ ఇలాంటిదే.

“ఇప్పుడు మిట్ట వచ్చిందనుకో” అన్నాడు భాయిజాన్. “ఇంజన్ నీరసపడుతుంది. బరువులు ముడుచుకుంటాయి. అప్పుడు స్ప్రింగ్ గెలిచి త్రాటిల్ ఇంకా తెరుస్తుంది. నువ్వు హ్యాండిల్ తిప్పక్కర్లేకుండానే ఇంజన్‌కి బలం వస్తుంది. అది నిన్ను ఆపడమే కాదురా, మిట్టలో నీ వెనక చెయ్యి వేసి తోస్తుంది కూడా. దాని చేతులు నువ్వు కట్టేశావు.”

చిన్నోడు ఇంజన్ వైపు చూశాడు.

“మరి 3600 దగ్గరే ఎందుకు ఆపుతుంది, బడే అబ్బా?”

ఇది నాకు తెలిసిన ముచ్చట, నేనే చెప్పాను. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. ఈ ఇంజన్లు తిప్పే మామూలు జనరేటర్ 60 హెర్ట్జ్ ఇవ్వాలంటే నిమిషానికి 3600 చుట్లు తిరగాలి. మన దేశంలో 50 హెర్ట్జ్ కాబట్టి అదే రకం జనరేటర్ 3000 దగ్గర తిరుగుతుంది. ఇంజన్ లోపలి సామానంతా ఆ వేగాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే. నూనె పంపు కూడా ఉండదు. కనెక్టింగ్ రాడ్డు కింద ఒక చిన్న గరిటె లాంటిది ఉంటుంది, అది నూనెని చిలికి పైకి చల్లుతుంది. రాడ్డు పోత అల్యూమినియం. చక్రం కూడా పోతదే.

భాయిజాన్ అందుకున్నాడు. “వేగం ఒకటిన్నర రెట్లయితే చక్రాన్ని చీల్చే జోరు ఒకటిన్నర రెట్లు కాదు బేటా, రెండుంపావు రెట్లు. వేగం రెట్టింపైతే జోరు నాలుగు రెట్లు. గవర్నర్ తీసేసే వాళ్లలో తెలిసినవాళ్లు ముందు రాడ్డు మారుస్తారు, గట్టి బిల్లెట్ ఫ్లైవీల్ వేస్తారు, వాల్వు స్ప్రింగులు మారుస్తారు. నువ్వేం మార్చావు?”

“ఏం మార్చలేదు” అన్నాడు చిన్నోడు. గొంతు సన్నబడింది.

“ఆ చక్రం నీ ఇంజన్‌లో ఎక్కడుంటుంది?”

“తాడు లాగి స్టార్ట్ చేసే వైపు. నా కాలి దగ్గర.”

అప్పుడు భాయిజాన్ ఫోన్‌ని కిందికి దించి తన మోకాలు చూపించాడు. లుంగీ పైకి జరిపి మచ్చ చూపించాడు. మా ఇంట్లో అందరికీ ఆయన కుంటుతారని తెలుసు, ఎందుకో పిల్లలెవరికీ తెలీదు. రంజాన్, డబ్బాలు, తీగ, మొత్తం కిస్సా చెప్పాడు. చిన్నోడి కళ్లల్లో నీళ్లు.

నేను ఆగలేక అన్నాను. “భాయిజాన్, అబ్బాజాన్ మిమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అంత సబర్ నాకు లేకపోయింది.”

ఆయన కాసేపు ఫోన్ వైపే చూశాడు. తర్వాత అన్నాడు. “సబర్ కాదురా ఛోటూ. అబ్బాజాన్ ఏమంటారు? నాకు ఆ తీగ కట్టడం ఎవరు నేర్పారనుకున్నావు? రష్ ఉన్న రోజు ఆయనే ఓ అరగంట కట్టేవారు, తొట్టి ఖాళీ అవకముందే విప్పేసేవారు. కట్టడం నేను చూశాను. విప్పడం ఎప్పుడో చూసుకోలేదు.”

ముప్పై అయిదేళ్లు నేను ఆ సంగతి వేరేగా అనుకుంటూ వచ్చాను. భాయిజాన్ తొందరపాటు అనుకున్నాను, అబ్బాజాన్ మాఫ్ చేశారనుకున్నాను. ఆయన మౌనంలో ఉన్నది మాఫీ కాదు, నిదామత్. మర ఎందుకు అమ్మేశారో కూడా ఆ రాత్రే అర్థమైంది.

ఫోన్ పెట్టేశాక చిన్నోడు కటింగ్ ప్లయర్ తెచ్చి జిప్ టై కోసేశాడు. నేను చెప్పలేదు. కోసేసి, నా వైపు చూడకుండానే అడిగాడు. “బాబా, మీరు హైవే మీద ఎనభై అయిదు పోతారు కదా. బోర్డు మీద డెబ్బై ఉంటుంది.”

నా దగ్గర జవాబు లేదు. “ఇక పోను” అన్నాను. వాడు తలూపాడు. నమ్మాడో లేదో తెలీదు. ఈ ఇంట్లో కూడా కట్టడం చూసేవాళ్లున్నారని మాత్రం నాకు తెలిసింది.

మర్నాడు భాయిజాన్ వాట్సాప్‌లో పెద్ద ఆడియో పంపాడు. “వాడి షౌక్ చంపొద్దు. గవర్నర్‌ని ముట్టుకోకుండా వేగం పెంచే దారులున్నాయి, అవి చెయ్యండి.” అలా మూడు శనివారాలు గరాజ్‌లోనే గడిచాయి. ఇళ్లల్లో ఇలాంటి షౌక్ ఉన్న పిల్లలుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి వారం గవర్నర్‌ని సరిగ్గా కూర్చోబెట్టాం. ఊడదీసిన కడ్డీ తగిలించి, గవర్నర్ చేతికున్న నట్టు వదులు చేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, లోపలి నుంచి వచ్చే ఇరుసుని కూడా అదే దిక్కుకి చివరిదాకా తిప్పి, అప్పుడు నట్టు బిగించాం. స్పార్క్ ప్లగ్ తీగకి చుట్టే చిన్న టాకోమీటర్ ఒకటి కొన్నాం. ఖాళీగా ఇంజన్ ఎంత తిరుగుతుందో చూశాం. 3600కి కాస్త పైన. స్ప్రింగ్ బిగించి దాన్ని ఇంకా పైకి లాగేవాళ్లున్నారు. మేం ఆ స్క్రూ ముట్టుకోలేదు.

రెండో వారం ఊపిరి సంగతి. బండి లెక్క ప్రకారం పాతిక మైళ్లు పోవాలి, పొలంలో ఫోన్ పెట్టి కొలిస్తే ఇరవై రెండే వస్తోంది. అంటే చక్రం మీద బరువు పడితే ఇంజన్ 3600 అందుకోలేక పోతోంది. గవర్నర్ ఆపకముందే ఇంజనే అలిసిపోతోంది. గాలి బాగా పీల్చే ఎయిర్ ఫిల్టర్ వేశాం, పొగ సులువుగా వెళ్లే సైలెన్సర్ పైపు వేశాం. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, లేకపోతే ఇంజన్ వేడెక్కి పాడవుతుంది. అందుకని కార్బురేటర్‌లో కాస్త పెద్ద రంధ్రం ఉన్న మెయిన్ జెట్ వేశాం. కాసేపు నడిపి ప్లగ్ విప్పి చూడమన్నాడు భాయిజాన్. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, నల్లగా మసి పడితే ఎక్కువైంది, లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయింది. మొదటి జెట్‌కి మసి పట్టింది. రెండోది కుదిరింది.

మూడో వారం పళ్ల లెక్క. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే కాగితం మీద చిన్నోడే చేశాడు. ముందు స్ప్రాకెట్‌కి 10 పళ్లు, వెనకదానికి 60. అంటే ఇంజన్ ఆరు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. 3600ని ఆరుతో భాగిస్తే 600. టైరు చుట్టుకొలత 44 అంగుళాలు. నిమిషానికి 26,400 అంగుళాలు, గంటకి సరిగ్గా 25 మైళ్లు. ముందు 12 పళ్లది వేస్తే? అయిదు చుట్లకి ఒకటి. చక్రం నిమిషానికి 720. గంటకి 30 మైళ్లు. ఇంజన్ ఒక్క చుట్టు కూడా ఎక్కువ తిరగలేదు. వాడు పెన్సిల్ కింద పెట్టి, “బాబా, ఇంతేనా?” అన్నాడు.

ఇంతే, కానీ దానికీ ఖీమత్ ఉంది. పళ్లు పెంచితే బయల్దేరేటప్పుడు, మిట్ట ఎక్కేటప్పుడు బలం తగ్గుతుంది. క్లచ్ జారి వేడెక్కుతుంది. 14 పళ్లది వేద్దామన్నాడు. భాయిజాన్ నక్కో అన్నాడు. 12 దగ్గర ఆగాం.

ఆఖరికి బ్రేకు. ఈ బండికి వెనక చక్రానికే బ్రేకు. లైనింగ్ మార్చి, కేబుల్ బిగించాం. మంచి హెల్మెట్, చేతులకి గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు కొన్నాం. అన్ని పార్టుల ఖర్చు కలిపినా వీటి ఖర్చే ఎక్కువైంది. మా ఆవిడ ఈ లెక్క చూసి మొదటిసారి నవ్వింది.

శనివారం అసర్ వేళకి పొలం చేరాం. భాయిజాన్ వీడియోలో ఉన్నాడు, అక్కడ తెల్లవారుజాము, తహజ్జుద్‌కి లేచి అలాగే కూర్చున్నాడట. చిన్నోడు ఒక చుట్టు నెమ్మదిగా వేశాడు. రెండో చుట్టులో హ్యాండిల్ పూర్తిగా తిప్పాడు. బండి ఎగిసిపోయింది. కంచె చివర మెట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ గొంతు ఒక్క క్షణం బరువెక్కి, మళ్లీ తేరుకుంది. గవర్నర్ వెనక చెయ్యి వేసి తోసిందన్నమాట. మెట్ట దిగాక చప్పుడు పెరగబోయి, ఆగి, అలాగే నిలబడింది. ఆ నిలబడిన చప్పుడు వింటూ నేను ఊపిరి వదిలాను. ఫోన్‌లో భాయిజాన్ కూడా కళ్లు మూసుకుని వింటున్నాడు.

చిన్నోడు వచ్చి ఆగి ఫోన్ చూశాడు. “ఇరవై తొమ్మిది, బాబా!”

“మాషా అల్లాహ్” అన్నాడు భాయిజాన్. వెంటనే, “బ్రేక్ వేడెక్కిందేమో చూడు. చెయ్యి పెట్టొద్దు, దగ్గరగా పెట్టి చూడు.”

ఇంటికొచ్చాక బండి తుడుస్తున్నాడు. టాకోమీటర్ తీగ వదులుగా వేలాడుతోంది, సైలెన్సర్‌కి తగిలితే కాలిపోతుంది. వాడు డబ్బాలోంచి జిప్ టై ఒకటి తీశాడు. తీసి, ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను తలూపాను. తీగని ఫ్రేముకి ఆనించి జాగ్రత్తగా కట్టి, మిగిలిన తోక కత్తిరించాడు.